కొట్టు అన్న మాట

ఏడుకొండలుకి నిన్నటి నుంచి ఒక్కటే కోరిక. తప్పు డ్రైవరుదేనని ఉస్తాదు ఒక్కసారి తన నోటితో అనాలి. ఆ మాట పడితే గాని అతని మనసు కుదుటపడేలా లేదు.

ఉస్తాదేమో అనడం లేదు. పొద్దున ఎనిమిదింటికి ఎప్పటిలాగే వచ్చి షెడ్డు తలుపు తీశాడు. తెల్లచొక్కా విప్పి మేకుకి తగిలించి, పనిచొక్కా తొడుక్కున్నాడు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. నిన్న ఇక్కడ ఒక మనిషి కాలు పోబోయి దక్కిందన్న సంగతి ఆయనకి తెలుసో లేదోనని అనుమానం వచ్చేంత నిమ్మళంగా ఉన్నాడు.

ఆయనకి తెలుసు. ఆటోనగర్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఉస్తాదు అసలు పేరు నాగుల్‌మీరా. అరవై రెండేళ్ళు. విజయవాడ ఆటోనగర్లో నలభై ఏళ్ళుగా లారీలు బాగుచేస్తున్నాడు. ఆయన గురించి అక్కడ ఒక మాట చెప్పుకుంటారు. ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి పది వేళ్ళతో వచ్చినవాడు పది వేళ్ళతోనే బయటికి పోయాడట. వినడానికి చిన్న మాటే. ఆటోనగర్లో పాత మేస్త్రీల చేతులు చూసినవాళ్ళకి అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఏడుకొండలు ఆయన దగ్గర చేరి పదకొండేళ్ళు. ఇప్పుడతనికి ముప్పై ఒకటి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, అదే కొంచెం ఇబ్బంది. గొంతు కూడా పెద్దది. కొండలు ఇక్కడ పానా కోసం అరిస్తే పక్క వీధిలో వాడు పానా అందిస్తాడని తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు. కళ్ళు మసకబారుతున్నాయి, దసరా నుంచి షెడ్డు నువ్వు చూసుకో అని ఉస్తాదు ఈమధ్యే అన్నాడు. అప్పటి నుంచి ఆ గొంతు ఇంకాస్త పెరిగింది.

నిన్న జరిగింది ఇదీ.

టెక్కలి నుంచి ఖాళీ లారీ ఒకటి వచ్చింది. వెనక కమాను పట్టీల కట్టను పట్టి ఉంచే పిన్ను అరిగిపోయి, గతుకు తగిలినప్పుడల్లా టకటకమంటోంది. ఉస్తాదు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. షెడ్డు ఏడుకొండలు చేతిలో ఉంది. లారీ డ్రైవరు సింహాచలం యాభై దాటిన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఏడుకొండలు అతన్ని సీట్లో కూర్చోబెట్టి, తను బండి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాడు.

"హారను కొట్టు" అన్నాడు. సింహాచలం కొట్టాడు.

"బ్రేకు కొట్టు." కొట్టాడు.

"సెల్ఫు కొట్టు." కొట్టాడు. ఇంజను చప్పుడు కాసేపు విని, తల ఊపి, "ఇక ఆపు" అన్నాడు ఏడుకొండలు.

సింహాచలం ఇంజను ఆపాడు. హ్యాండు బ్రేకు సరిగా పట్టడం లేదు కాబట్టి బండి జారకుండా మొదటి గేర్లో వేశాడు. దూరాలు తిరిగే డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే. దిగమని ఎవరూ అనలేదు, అతను దిగలేదు.

తర్వాత మాణిక్యం బండి కిందికి దూరాడు. షెడ్డులో సమ్మెట పనంతా మాణిక్యానిదే. రెండు దెబ్బలు వేసి పిన్ను కదులుతుందేమో చూద్దాం, జాకీ ఆ తర్వాత ఎక్కిద్దాం అన్నాడు ఏడుకొండలు. రెండు దెబ్బల పని. దానికోసం చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టడం, తాళం తీసి జేబులో వేసుకోవడం అతనికి దండగనిపించింది. ఉస్తాదు ఉంటే ఆ రెండూ చెయ్యందే ఎవర్నీ కిందికి దూరనివ్వడు. ఉస్తాదు లేడు.

మాణిక్యం వెల్లకిలా పడుకుని, కాళ్ళు చాపి, "ఊఁ, చెప్పరా" అన్నాడు.

"కొట్టు!" అని అరిచాడు ఏడుకొండలు.

మన షెడ్లలో కొట్టనిదంటూ లేదు. టైరుకి గాలి కొడతారు, బేరింగుకి గ్రీజు కొడతారు, లారీ తొట్టికి రంగు కొడతారు. హారనూ కొట్టడమే, బ్రేకూ కొట్టడమే. ఇంత పని ఒకే మాట మీద నడుస్తుంటే ఏదీ తేడా రాకపోవడానికి కారణం, మాట అనేవాడూ వినేవాడూ ఎదురెదురుగా ఉండడమే. చెయ్యి చూపిస్తారు, కన్ను చూపిస్తారు. మిగిలింది అర్థమైపోతుంది. నిన్న వినేవాళ్ళు ఇద్దరు. ఒకడు బండి కింద, ఒకడు బండి మీద.

మాణిక్యం సమ్మెట ఎత్తాడు. సింహాచలం సెల్ఫు కొట్టాడు.

గేర్లో ఉన్న బండి ఒక్క ఉదుటున ముందుకి గెంతి ఆగింది. గెంతింది మూరెడే.

సమ్మెట ఎత్తేటప్పుడు ఊతం కోసం మాణిక్యం మోకాలు మడిచి కాలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ లాగడంలో చెప్పు జారి ఉన్నచోటే ఉండిపోయింది. వెనక టైరు ఆ చెప్పు మీదికెక్కి ఆగింది. చెప్పులో కాలు లేదు. ఆ కాలు మడవకపోయి ఉంటే ఏమయ్యేదో అక్కడున్నవాళ్ళలో ఎవరూ పైకి అనలేదు.

ఏడుకొండలు డ్రైవరు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. అతని నోట వచ్చిన మొదటి మాట ఇది.

"నిన్నెవడు కొట్టమన్నాడయ్యా?"

సింహాచలం సీట్లోంచి కిందికి దిగాడు. "మీరే గదా బాబూ, కొట్టూ అన్నారు. నాను కొట్టినాను."

"నేను సమ్మెటతో కొట్టమన్నాను! నీతో కాదు, మాణిక్యంతో అన్నాను!"

"నాకు మనిషి అగుపడలేదు బాబూ. మాట ఇనపడింది, అంతే."

"బుద్ధుండక్కర్లా? కింద మనిషుంటే సెల్ఫు కొడతారా ఎవరైనా?"

కింద మనిషున్నాడని అతనికి ఎవరు చెప్పారు? ఆ ప్రశ్న సింహాచలం అడగలేదు. పాపం, అడగొచ్చని కూడా అతనికి తోచలేదు.

ఉస్తాదు డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసరికి ఇద్దరూ చెరోవైపు నుంచి మొదలుపెట్టారు. ఆయన ఇద్దరి మాటా వినలేదు. నేరుగా మాణిక్యం దగ్గరికి వెళ్ళి, ముందు కూర్చుని, మోకాలి నుంచి వేళ్ళ దాకా కాలంతా తడిమి చూశాడు. ఒక్కో వేలూ కదిలించమన్నాడు. అన్నీ కదిలాయి. "ఇవాళ్టికి పని చాలు. ఇంటికెళ్ళి పిల్లలతో ఉండు" అని అతన్ని పంపేశాడు. ఇంకెవరితోనూ ఏమీ అనలేదు.

సాయంత్రం లారీ ఓనరు లోకనాథంగారు టెక్కలి నుంచి ఫోను చేశారు. ఆ ఫోను ఏడుకొండలే ఎత్తాడు. కింద మనిషి ఉండగా మీ డ్రైవరు చూసుకోకుండా బండి కదిలించాడండీ, ప్రాణం పోయేది అని చెప్పేశాడు. ఆయనకి మండిపోయింది. "అలాంటివాడు నాకొద్దు. బండి అక్కడే వదిలేసి బస్సెక్కమను. కానీ ఈ మాట నాకు ఉస్తాద్ గారి నోటితో వినాలి. రేపు పన్నెండింటికి చేస్తాను, ఆయన్ని ఉండమను" అన్నారు.

అదీ సంగతి. పన్నెండింటికి ఉస్తాదు ఏమంటాడన్న దాని మీద సింహాచలం ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఉంది. ఏడుకొండలు పేరూ ఉంది. దసరాకి షెడ్డు చేతికి రావాల్సినవాడు, మనిషిని బండి కిందికి పంపి చక్రానికి చెక్కైనా పెట్టలేదని తెలిస్తే ఇక అతని దగ్గరికి బండి ఎవరు తెస్తారు?

సింహాచలం రాత్రంతా షెడ్డు అరుగు మీదే పడుకున్నాడు. పొద్దున లేచి బట్టలు సంచిలో సర్దుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండెక్కి తన దుప్పటి తెచ్చుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు. తాళం నిన్ననే ఉస్తాదు చేతిలో పెట్టేశాడు.

పదకొండున్నర అయింది. ఏడుకొండలు ఇక ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, లోకనాథంగారు పన్నెండింటికి చేస్తారు. మీరేం చెబుతారు?"

ఉస్తాదు చేతులు తుడుచుకుంటున్నాడు. "నన్నేం చెప్పమంటావు?"

"ఉన్నది చెప్పండి. తప్పెవరిదో చెప్పండి. నేను మాణిక్యం బాబాయ్‌తో అన్నాను, అతను విని సెల్ఫు కొట్టాడు. ఇందులో తప్పెవరిది?"

ఉస్తాదు గోడ గడియారం వైపు చూశాడు. "ఇంకా అరగంట ఉందిగా. రా, ఆ పిన్ను సంగతేందో చూద్దాం."

ఆయన బండి చుట్టూ మెల్లగా తిరిగాడు. అడ్డు చెక్కలు తెచ్చి వెనక చక్రాలకి ముందొకటి, వెనకొకటి కాలితో తన్ని బిగించాడు. అటుపక్కకి వెళ్ళి అక్కడ వంగి ఏదో సర్దాడు. తిరిగొచ్చి, జేబులోంచి తాళం తీసి ఏడుకొండలుకి ఇచ్చాడు.

"వెళ్ళి సీట్లో కూర్చో. తాళం పెట్టి ఉంచు."

"నేనా? కింద ఎవరు ఉస్తాద్?"

"నేను."

అరవై రెండేళ్ళ మనిషి, మసక కళ్ళతో. వద్దనబోయి ఏడుకొండలు ఆగిపోయాడు. ఆ గొంతుకి అడ్డు చెప్పడం అతనికి పదకొండేళ్ళలో అలవాటు కాలేదు. మాణిక్యం సమ్మెట పట్టుకుని వెనక చక్రం పక్కన నిలబడ్డాడు. ఉస్తాదు గోనెపట్టా పరుచుకుని, బిస్మిల్లా అనుకుని, బండి కిందికి జరిగాడు.

ఏడుకొండలు సీటెక్కి తలుపు వేసుకున్నాడు. ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది. పక్క అద్దంలో సగం తన మొహం, సగం తొట్టి. కింద ఏం జరుగుతోందో ఏమీ తెలియడం లేదు. ఎన్ని వందల బండ్లు బాగుచేశాడో లెక్కలేదు గాని, కింద ఒక మనిషి పడుకుని ఉండగా అతను సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. కూర్చునేది ఎప్పుడూ డ్రైవర్లే.

కింద నుంచి ఉస్తాదు గొంతు వినపడింది.

"కొట్టు."

ఏడుకొండలు చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

ఏం కొట్టమన్నాడు? సెల్ఫా? పిన్ను కొడుతూ సెల్ఫెందుకు? బ్రేకేమో, గాలి పట్టు చూస్తున్నాడేమో. ఆ మాట అసలు తనతోనేనా, మాణిక్యంతోనా? మాణిక్యంతో అయితే సమ్మెట చప్పుడు రావాలి. చప్పుడు రాలేదు. అంటే తనతోనే. తనతోనే అయితే ఏం కొట్టాలి?

"కొట్టు" అన్నాడు ఉస్తాదు మళ్ళీ. అదే గొంతు. అందులో కోపం లేదు, తొందర లేదు, ఎటూ తేల్చుకోవడానికి చిన్న ఆధారమైనా లేదు.

తను చెయ్యి కదిపితే కింద ఆయన ఉన్నాడు. కదపకపోతే చెప్పిన పని చెయ్యనివాడవుతాడు. మూడోసారి కూడా అంటాడేమో, అన్నప్పుడు తన చెయ్యి తన మాట వినదేమోనని భయమేసింది. గబుక్కున తాళం తిప్పకుండానే బయటికి లాగేశాడు. జేబులో వేసుకుని, పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకుని, తలుపు తీసుకుని కిందికి దిగాడు. బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి కిందికి చూశాడు.

"ఏం కొట్టమంటున్నారు ఉస్తాద్?"

ఉస్తాదు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని హాయిగా పడుకుని ఉన్నాడు. తల పక్కకి తిప్పి చూశాడు.

"తెలియలేదా?"

"లేదు."

"నా దగ్గర చేరి ఎన్నేళ్ళయింది?"

"పదకొండు."

"సింహాచలం నిన్న పొద్దున వచ్చాడు" అన్నాడు ఉస్తాదు.

ఏడుకొండలు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. కాసేపటికి ఉస్తాదు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి లాగి, లేపి నిలబెట్టి, వీపుకంటిన మట్టి దులిపాడు. దులపడం అయిపోయాక కూడా దులుపుతూనే ఉన్నాడు.

మాణిక్యం సమ్మెట కింద పెట్టాడు. అతనికి ఇప్పుడొచ్చింది అసలు భయం. "ఉస్తాద్, వాడు నిజంగానే సెల్ఫు కొట్టేసి ఉంటే?"

ఉస్తాదు బండి అటుపక్కకి వేలు చూపించాడు. బ్యాటరీ పెట్టె మూత తీసి ఉంది. వైరు ఊడి వేలాడుతోంది.

"మన కొండలు మీద మీకు నమ్మకం లేదా ఏంటి?" అన్నాడు మాణిక్యం నవ్వుతూ.

"నమ్మకం ఉంది కాబట్టే సీట్లో కూర్చోబెట్టాను. పడుకునేది నేను కాబట్టి వైరు తీశాను" అన్నాడు ఉస్తాదు. అని చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చెప్పిన టైముకి రెండు నిమిషాల ముందే చేశారు లోకనాథంగారు.

అరుగు మీద సింహాచలం సంచి చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. ఉస్తాదు పంపు దగ్గర్నుంచి కదల్లేదు, సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాడు. ఫోను మోగుతూనే ఉంది. ఏడుకొండలు వెళ్ళి ఎత్తాడు.

"ఉస్తాద్ గారేరయ్యా?"

"ఇక్కడే ఉన్నారండీ. చెప్పాల్సింది నేనే చెబుతాను." అతని గొంతు చాలా చిన్నదైపోయింది. ఆ గొంతు షెడ్డులో ఎవరూ అంతకుముందు వినలేదు. "తప్పు సింహాచలం గారిది కాదండీ. నాది. కింద మనిషున్నాడని నేనాయనకి చెప్పలేదు. చక్రాలకి చెక్కలు పెట్టలేదు. ఆయన్ని దిగమనలేదు, తాళం తీసుకోలేదు. ఏం కొట్టాలో చెప్పకుండా కొట్టు అని అరిచాను. ఎవరున్నా అదే చేసేవారు."



"మరి నిన్న అలా చెప్పావేం?" అన్నారు లోకనాథంగారు.

"భయపడి చెప్పానండీ. అబద్ధం చెప్పాను."

నిన్నటి నుంచి ఈ మాట ఎక్కడ బయటపడుతుందోనని హడలిపోయాడు. తీరా అన్నాక ఏమీ కూలిపోలేదు. షెడ్డు షెడ్డులాగే ఉంది. పంపులో నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"సరే. నాతో నిజం చెప్పావు, దానికి సంతోషం. నీ తప్పు సంగతి నీకూ మీ ఉస్తాద్ గారికీ వదిలేస్తున్నా" అన్నారు లోకనాథంగారు. "సింహాచలాన్నే బండి తీసుకురమ్మను. నా డ్రైవరు చేత మనిషి ప్రాణం పోయేదన్నావు, రాత్రంతా నాకు నిద్ర పట్టలేదయ్యా. ఇంతకీ ఆ కుర్రాడో పెద్దాయనో, మీ మనిషి ఎలా ఉన్నాడు? బాగున్నాడా?"

ఏడుకొండలు తిరిగి చూశాడు. మాణిక్యం గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, అరికాలు గోక్కుంటూ ఎటో చూస్తున్నాడు. రెండు కాళ్ళూ ఉన్నాయి. ఎండ ఆ కాళ్ళ మీద పడుతోంది.

"బాగున్నాడండీ" అన్నాడు ఏడుకొండలు.

ఆ మాట తన నోటి వెంట రావడం అతను విన్నాడు. నిన్నటి నుంచి ఎంతమందితోనో ఎన్నో మాటలు చెప్పాడు. ఎవరు ఏమన్నారో చెప్పాడు, ఎవరు వినలేదో చెప్పాడు, ఎవరికి బుద్ధి లేదో చెప్పాడు. ఈ ఒక్క మాట ఒక్కసారైనా అనలేదు.

ఫోను పెట్టేశాడు. సింహాచలం గుడ్లప్పగించి చూస్తున్నాడు. "నాను బండెక్కొచ్చా బాబూ?" అన్నాడు.

"మీ బండి మీరెక్కడానికి నన్నడుగుతారేంటండీ" అన్నాడు ఏడుకొండలు. జేబులోంచి తాళం తీసి అతనికి రెండు చేతులతో ఇచ్చాడు. "పని అయ్యేదాకా మాత్రం ఇది మీ జేబులోనే ఉంచుకోండి. నేను అడిగినా, మీ ఎదురుగా వచ్చి నిలబడి అడిగితేనే ఇవ్వండి."

సింహాచలం తాళం కళ్ళకద్దుకుని, సంచి అరుగు మీదే పడేసి, బనీను అంచుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న కొద్దీ కళ్ళు మళ్ళీ నిండుతున్నాయి. సిగ్గుపడి బండి అవతలికి వెళ్ళిపోయాడు.

ఏడుకొండలు నేరుగా మాణిక్యం దగ్గరికి వచ్చి, పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇద్దరు పిల్లల తండ్రి, ఆటోనగర్ అంతా వినపడే గొంతున్నవాడు, మోచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మాణిక్యం కంగారుపడ్డాడు. భుజం పట్టుకుని ఊపాడు. "ఒరేయ్, ఏందిరా ఇది? నాకేమన్నా అయిందా? నాకేం కాలేదురా. ఎందుకేడుస్తావు?"

"నీకేం కాలేదు బాబాయ్" అన్నాడు ఏడుకొండలు. "అందుకే."